అక్క ఏవగించుకోని సంగటి

చిన్నప్పుడు ఆడిన ఒక అబద్ధాన్ని ఇంతకాలం మోశాను. ఇంట్లో గరిటె కనబడకపోతే అందరినీ నిలబెట్టి అడిగేదాన్ని. నా తప్పు మాత్రం ఎవరికీ చెప్పలేదు. మనవరాలివని నీకు రాస్తున్నాను.

మదనపల్లెలో మిషన్ బడికి కొన్నాళ్లే వెళ్లాను. అక్కడ పంతులమ్మ ‘ఏవగించుకోవడం’ అనే మాట నేర్పింది. నచ్చనిదాన్ని పక్కన పెడతాం, ఏవగించుకున్నదాన్ని చూడను కూడా చూడలేం అంది. ఆ మాట ఎక్కడైనా వాడాలని ఒకటే ఉబలాటం.

యుద్ధం రోజులు. కురబలకోటలో తెల్లవారకముందే నేనూ అక్కా తిరగలికి అటూ ఇటూ కూర్చుని, ఒకే పిడి పట్టుకుని రాగులు విసిరేవాళ్లం. అక్కకు పుంగనూరు సంబంధం వచ్చింది. తను వెళ్తే ఆ రాయి నేనొక్కదాన్నే తిప్పాలి. నా దిగులు రాయి గురించేనా, అక్క గురించి కూడానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

పెళ్లికొడుకు తల్లి పెరట్లో కాళ్లు కడుక్కుంటూ, మీ అక్క సంగటి బాగా కెలుకుతుందా అని నన్నడిగింది.

“మా అక్క సంగటిని ఏవగించుకుంటాది అత్తా.”

“అంటే ఏమ్మా?”

“ఇష్టం లేకపోయేది కాదు. వాసనకే కడుపులో తిప్పి మొగం పక్కకు పెట్టేస్తాది.”

“మా ఇంట్లో మూడు పూట్లా సంగటే. ఆ పిల్ల యాడ బతుకుతాది తల్లీ?”

సంబంధం తప్పింది. అంతటితో పోయినా బాగుండేది. ఆ మాట చుట్టాల నోళ్లలో పడి కుప్పం దాకా నడిచింది. మరుసటి ఏడు అక్కను అక్కడే ఇచ్చారు. అత్తగారు మంచి మనిషి. బియ్యం దొరకని ఆ రోజుల్లోనూ కోడలికని వేరుగా అన్నం వండించేది. ఇంటిల్లిపాదీ వేడి సంగటిలోకి ఊరుబిండి పచ్చడి నంజుకుని తింటుంటే, అక్క తెల్లన్నం ముందు కూర్చుని వాళ్ల పళ్లేల వైపు చూసేది. అంత మర్యాదను కొత్త కోడలు ఏమని కాదంటుంది?

అక్కకు సంగటంటే ప్రాణం. పుట్టింటికి రాగానే కుండ వెతికేది. రెండో ముద్ద పెట్టించుకుంటూ, మా అత్తోళ్లకు ఎవురు చెప్పినారో గానీ అని నవ్వేది. నేను మజ్జిగ తెచ్చే నెపంతో లేచిపోయేదాన్ని.

పుంగనూరు అబ్బాయి తనకు నచ్చాడో లేదో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని. అక్క ఇంకా ఉంది. ఊరందరినీ కసిరే ఈ నోరు ఆమె ముందు పెగలదు. నిన్ను క్షమించమనీ అడగను, అది నీ చేతిలో లేదు. రాయడం మాత్రం అయింది. ఏమిటో, బాగా ఆకలేస్తోంది.