పూజకు పెట్టని పుస్తకం

మా ఆడబిడ్డ పోయిందని ఆమె కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను కందిపప్పు ఎండలో పోస్తున్నాను. "అత్తా, అమ్మ పొద్దుగాల పోయింది. నీకు చెప్పొద్దన్నది, అందుకే దవాఖానల ఉన్నప్పుడు చెప్పలే" అన్నాడు. ఏడాదిన్నరగా ఆమెకూ నాకూ మాటల్లేవు. ఆ సంగతి మా బంధువులందరికీ తెలుసు. కారణం మాత్రం కొందరికే తెలుసు.

సుబేదారిలో ఆమె బ్యూటీ పార్లర్ నడిపిన ఇరవై రెండేళ్లలో మీలో ఎందరినో పెళ్లికూతురిగా తయారుచేసి ఉంటుంది. కనుబొమ్మలు తీసేటప్పుడు దారం కొస పళ్ల మధ్య పట్టుకునే కబుర్లన్నీ చెప్పేది. వ్యాక్సు వేడి ముందు తన మణికట్టు మీదే చూసుకునేది. "నా చెయ్యి కాలకుంటెనే మీ చేతి జోలికొస్త" అనేది. కొత్తగా వచ్చిన వాళ్లతో ఎలా మాట్లాడాలో పనిపిల్లలకు నేర్పుతూ, "మొఖం గురించి ముందుగాల మంచిమాట చెప్పాలె, రేటు తర్వాత చెప్పాలె" అనేది. అప్పుడు నేనూ నవ్వాను.

నా మనుమరాలు ఇంటర్ అయ్యాక డిగ్రీ వద్దని సంక్రాంతి దాకా ఇంట్లోనే ఉంది. తర్వాత బ్యూటీషియన్ కోర్సు చేస్తానంది. డిగ్రీ కోసం వేసిన డిపాజిట్ నా పేరు మీద ఉంది కాబట్టి, లెక్క తేలనిదే పైసా తియ్యనన్నాను. మా ఊరు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి దాన్ని వెంటబెట్టుకుని పార్లర్‌కు వెళ్లాను. ఆమె చెప్పిన అకాడమీలో ఆరు నెలల కోర్సు ఫీజు అరవై ఐదు వేలు, సామాన్ల పెట్టె పదిహేడు వేల ఐదు వందలు, పరీక్షకూ చిల్లరకూ నాలుగు వేల ఐదు వందలు. బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు కనుక అక్కడ సున్న వేశాను. మొత్తం ఎనభై ఏడు వేలు.

"ఖర్చు సరే. రాబడి ఏది?" అన్నాను.

"నీతోని ఇదే తిప్పలు వదినె. కూసో" అని ఆమె ఒక ఎర్ర అట్ట పుస్తకం నా ముందు పెట్టింది. అట్ట మీద పసుపు, కుంకుమ బొట్లు. మాది దుకాణం నడిపిన కుటుంబం. దీపావళి నాడు లక్ష్మి ముందు పెట్టి బొట్టు పెట్టిన పుస్తకంలో అబద్ధం రాయకూడదన్నది మా ఇళ్లలో అత్తలు కోడళ్లకు చెప్పే మొదటి మాట. ఆమె పుట్టింది ఆ ఇంట్లోనే. అందుకే ఆ బొట్టు చూసి ఇంకో ప్రశ్న అడగలేదు. పెళ్లికూతుళ్ల పేర్లు, తేదీలు, తీసుకున్న డబ్బు, అన్నీ ఉన్నాయి. అందులోంచి కొత్తగా నేర్చినవాళ్ల వాటా లెక్కగడితే నెలకు పద్నాలుగు వేల ఐదు వందలు తేలింది. ఆరు నెలల్లో ఖర్చు తిరిగి వస్తుంది. డిపాజిట్ తీశాను.

కోర్సులో ప్లాస్టిక్ తలల మీద నేర్పారు. మనిషి మొహం మీద చెయ్యి తిరగాలని మా ఆడబిడ్డ తన మొహమే ఇచ్చింది. మా పిల్ల దారం జారి ఆమె ఎడమ కనుబొమ్మ సగం ఊడింది. మర్నాడు పాలకుర్తిలో పెళ్లి. కాటుకతో సగం కనుబొమ్మ గీసుకుని వచ్చి, అడిగినవాళ్లందరికీ "ఇది మా పోరి మొదటి పని, మంచిగున్నదా?" అని చూపించింది. ఇది కూడా నేను రాయాలి.

కోర్సు ముగిసేసరికి ఆషాఢం వచ్చింది. తర్వాత శ్రావణంలో కొద్దిగా పని, ఆ పైన భాద్రపదం, మూఢం. ముహూర్తాలు లేకపోతే పెళ్లిళ్లు లేవు, పెళ్లిళ్లు లేకపోతే పార్లర్‌లో నడుం వాల్చడమే పని. మా ఆడబిడ్డ దగ్గరే పనిచేసిన ఆరు నెలల్లో మా పిల్ల తెచ్చింది ఇరవై మూడు వేల నాలుగు వందలు. చీపురు కొనాలన్నా పంచాంగం చూసే నేను, ఆ రోజు పుస్తకంలో మాఘం నుంచి జ్యేష్ఠం దాకా నెలలే ఉన్నాయని చూసుకోలేదు.

సర్టిఫికెట్ ఆలస్యంగా వచ్చింది. తీసుకోవడానికి అకాడమీకి వెళ్లి రిజిస్టర్‌లో సంతకం పెడుతూ, అలవాటు కొద్దీ వరుస మొత్తం చదివాను. నా మనుమరాలి పేరు పక్కన 'పంపినవారు' అన్న గడిలో మా ఆడబిడ్డ పేరు, కమీషన్ ఐదు వేలు, ఆమె సంతకం.

నేరుగా పార్లర్‌కు వెళ్లాను. ఆమె దాచలేదు. "ఆ నెల షాపు కిరాయికి తక్కువ పడ్డయి" అంది. సొరుగులోంచి బడిపిల్లల నోటుబుక్కు ఒకటి తీసి ఇచ్చింది. పెళ్లిళ్లు లేని ఉత్త నెలలన్నీ అందులో ఉన్నాయి. దాని అట్ట మీద బొట్టు లేదు.

"దీన్ని పూజకెందుకు పెట్టలే?"

"గిసుంటి లెక్క దేవునికేం చూపిస్త వదినె."

"నాకు చూపియ్యాలె గద."

"చూపిస్తె నువ్వు పోరిని పంపుతుంటివా?"

"పంపకపోదును."

"అగో, మరి."

అదే మా చివరి మాట. ఐదు వేలు ఎప్పుడో మరిచిపోయేదాన్ని. బొట్టు పెట్టిన పుస్తకం నా ముందు పెట్టడం మరిచిపోలేదు. పరాయివాళ్ల దగ్గరైతే నేను రెండుసార్లు చూసేదాన్ని.

మనుమరాలు ఘన్‌పూర్‌లో మా ఇంటి ముందుగదిలో ఒక కుర్చీ వేసుకుని సొంతంగా పని మొదలుపెట్టింది. ఖర్చు తిరిగి రావడానికి పనిలో చేరిన నాటి నుంచి పంతొమ్మిది నెలలు పట్టింది. "పని అయితే మంచిగ నేర్పింది నాయనమ్మా. అది సుత రాయి" అని ఇది రాస్తుంటే పక్కన నిలబడి చెప్పింది. రాశాను.

మా ఆడబిడ్డ పోయిన పన్నెండో రోజు సామాను సర్దడానికి పార్లర్ తెరిచాం. ఒక తల్లి, పదిహేడేళ్ల కూతురు మెట్లెక్కి వచ్చారు. మా ఆడబిడ్డ రమ్మందట. పోయిందని వాళ్లకు తెలియదు. చెప్పాక ఆ తల్లి నన్నే అడిగింది: "ఆరు నెలలల్ల పెట్టిన పైసలు ఎల్తయన్నదమ్మా. నిజమేనా?"

"కాదు. మాకు పంతొమ్మిది పట్టింది. నడుమ ఉత్త నెలలుంటయి" అన్నాను.

"అన్ని దినాలు మేమెట్ల ఆగుతం" అని ఆమె కొంగు సర్దుకుని మెట్లు దిగింది. పిల్ల దిగలేదు.

"మరి మీ మనుమరాలు పని ఇడిసిపెట్టిందా?"

"లేదు బిడ్డా."

ఇంకేదో అడగబోయింది. కింద నుంచి తల్లి పిలిచింది. ఆ పిల్ల వెళ్తూ గాజు తలుపు ముందు ఆగి, జడ ముందుకు వేసుకుని, తన మొహాన్నే వేరెవరిదో అన్నట్టు కాసేపు చూసుకుంది.