కరుణమ్మ కొలిచిన జబ్బలు

1969 ఎండాకాలంలో మొయినాబాదు అంబలి కేంద్రానికి రోజూ మూడు వందల మంది పసిపిల్లలు వచ్చేవారు. రెండేళ్లుగా వానల్లేక బావులు అడుగంటాయి. దానికి తోడు తెలంగాణ ఉద్యమం. బందులతో బస్సులు ఆగిపోయి, పట్నం కూలికి పోయేవాళ్లంతా ఇళ్లలోనే కూర్చున్నారు. పట్నంలోని ఒక సహాయ సంఘం పంపిన గోధుమ రవ్వ, పాలపొడే వాళ్లకు దిక్కు. కేంద్రాన్ని చూసుకునేది బడిపంతులు స్వామిదాసు. అంబలి కాచేది కరుణమ్మ.

కరుణమ్మకు నలభై ఐదేళ్లు. చేవెళ్లలో ఒక డాక్టరమ్మ దగ్గర పదేళ్లు ఆయాగా పనిచేసింది. ఏడాది దాటాక ఐదేళ్లు వచ్చేదాకా పిల్లల జబ్బ చుట్టుకొలత పెద్దగా మారదనీ, అది ఐదు అంగుళాల లోపుకు తగ్గిందంటే బిడ్డ ఎండిపోతున్నట్టేననీ ఆవిడే నేర్పింది.

ఒకరోజు వరుసలో పెంటమ్మ చంకలోని రెండేళ్ల కూతురు తల నిలపలేక వాల్చేసింది. కరుణమ్మ దర్జీ దగ్గర టేపు అడిగి తెచ్చి కొలిచింది. నాలుగుముప్పావు. పది రోజుల తర్వాత మళ్లీ కొలిస్తే నాలుగున్నర. ఆ పది రోజులూ పెంటమ్మ ఒక్క పూట తప్పకుండా అంబలి తీసుకుపోయింది.

మరునాడు కరుణమ్మ ఊరవతల వాడలో ఉన్న పెంటమ్మ ఇంటికి పోయింది.

“గిన్నెడు అంబలిల నాలుగు చెంబుల నీళ్లు పోస్తున్న అక్క,” అంది పెంటమ్మ. “ఇంట్ల ఆరుగురం. అందరం పస్తుంటే దీనికొక్కదానికి ఎట్ల తాపాలె?”

ఆ నీళ్లు ఎండిన కుంట అడుగు నుంచి తోడుకొచ్చినవి. బిడ్డకు విరేచనాలు కట్టడం లేదు. పక్క ఇళ్లలో ఇంకా ముగ్గురు లేవలేక పడి ఉన్నారు. వాళ్లు కేంద్రానికి ఎన్నడూ రాలేదు, రోజూ రిజిస్టరులో రాసే మూడు వందల్లో వాళ్లు లేరు.

కరుణమ్మ నాలుగు రోజులు వరుసలోనూ వాడలోనూ కొలుస్తూనే ఉంది. ఐదు అంగుళాల లోపు వాళ్లు తొంభై మంది తేలారు. వాళ్ల కొలతలన్నీ స్వామిదాసు చేత ఒక కాగితం మీద రాయించింది.

ఆ వారమే సంఘం ఆఫీసరు జీపులో వచ్చాడు. రిజిస్టరు చూసి, మూడు వందలంటే మంచి పని జరుగుతోందన్నాడు.

“ఎంతమంది వచ్చిన్రో రాసిన్రు సారు,” అంది కరుణమ్మ. “ఎంతమంది కోలుకున్నరో ఎవ్వరు రాయలే. తొంభై మంది నా కండ్ల ముంగట ఎండిపోతున్నరు.”

ఆయన ఆమె కాగితం పూర్తిగా చదివాడు. “ఫారంలో దీనికి గడి లేదమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “రోడ్లన్నీ బంద్. ఇంకో లారీ ఎప్పుడొస్తుందో కూడా నేను చెప్పలేను.”

జీపు వెళ్లిపోయింది. అందరికీ పోస్తే రవ్వ పన్నెండు రోజులకు వస్తుంది. తొంభై మందికే అయితే నెల దాకా వస్తుంది.

“మిగిలినోళ్లకు ఏం చెప్తవు కరుణమ్మా?” అన్నాడు స్వామిదాసు.

“నాకు తెల్వదన్న. అందరికి పోస్తె గీ తొంభై మంది దక్కరు.”

మరునాడు ఆమె టేపు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. వరుసలో ఉన్న శంకరమ్మ కొడుకు జబ్బ ఐదుంబావు వచ్చింది. “పావు అంగుళానికి నా పోరణ్ని ఎల్లగొడుతున్నవా?” అని శంకరమ్మ ఆమె కాళ్ల ముందు ఉమ్మి పోయింది. అలా రెండు వందల మందికి పైగా ఒట్టి గిన్నెలతో మళ్లారు.

లోపలికి వచ్చినవాళ్లకు కాచిన నీళ్లతో చిక్కటి అంబలి, అక్కడే కూర్చోబెట్టి, మూడు పూటలా తాపింది. లేవలేని వాళ్ల ఇళ్లకు తానే మోసుకుపోయింది. నెల తిరిగేసరికి తొంభై మందిలో ఏడుగురు పోయారు. పెంటమ్మ కూతురి జబ్బ ఐదుకు చేరింది.

ఆషాఢంలో శంకరమ్మ కొడుకు చనిపోయాడు.

కరుణమ్మ వెళ్లి వాకిట్లో నిలబడింది. శంకరమ్మ ఏడవలేదు. “ఐదుంబావు ఉన్నడంటివి గద,” అంది. “మల్ల ఒక్కపారన్న వచ్చి చూడకపోతివి.”

ఆ మాట నిజమే. కేంద్రం లోపలికి వచ్చినవాళ్లను కరుణమ్మ వారం వారం కొలిచింది. పంపేసినవాళ్ల ముఖం మళ్లీ చూడలేదు. ఆ రోజే మొదలుపెట్టి ఇల్లిల్లూ తిరిగింది. కొందరు తలుపు తీయలేదు. తీసినచోట కొలిస్తే ఇరవై ఆరుగురు ఐదుకు కిందికి దిగి ఉన్నారు. శంకరమ్మ కొడుకుతో కలిపి ఐదుగురు అప్పటికే లేరు. కేంద్రంలో రవ్వ నిండుకుంది, ఆ ఇరవై ఆరుగురికి పోయడానికి ఏమీ మిగల్లేదు.

“ఇది గూడ రాయి అన్నా,” అంది స్వామిదాసుతో.

“రాస్తే తప్పు మన మీదికే వస్తది.”

“రానియ్యి.”

ఆయన రాసి పట్నం పంపాడు. శ్రావణంలో రోడ్లు తెరుచుకుని లారీ వచ్చింది. దానితోపాటే సంఘం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మూడు వందల మంది తొంభైకి ఎందుకు తగ్గారో వివరం పంపమని అందులో ఉంది. స్వామిదాసు దాన్ని చదివి వినిపిస్తుండగానే కరుణమ్మ మొదటి బస్తా విప్పి, ఆ ఇరవై ఆరుగురినీ పిలుచుకురమ్మని పెంటమ్మను పంపింది.