లలితక్క పెంచిన అవకాడో

నిన్న పొద్దున ఆఫీసుకి రెడీ అవుతుంటే బావ ఫోన్ చేశాడు.

"పద్మా... మీ అక్క ఎల్లిపోనాదమ్మా."

ఎక్కడికి అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

ఆరేళ్లుగా మంచం దిగని మనిషి ఎక్కడికి వెళ్తుంది?

లలితక్క మా పెద్దమ్మ కూతురు. చాలామందికి నర్సమ్మగా తెలుసు. చీడికాడ వైపు కొండల కింద ఊళ్లన్నీ మందుల బ్యాగ్ తగిలించుకుని నడిచే తిరిగేది.

ఆ మనిషి ఒక వానాకాలం మెట్ల మీద జారింది. వెన్నెముక దెబ్బతింది. నడుము కింద స్పర్శ పోయింది.

చోడవరంలో వాళ్లది రెండో అంతస్తు అద్దె ఇల్లు. లిఫ్ట్ లేదు. కింద పోర్షన్ కోసం బావ తిరగని వీధి లేదు. మంచాన ఉన్న మనిషి అనగానే ఓనర్లు "చూసి చెప్తాం" అనేవారు.

హాస్పిటల్‌కి వెళ్లాలంటే కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు దించాలి. రెండోసారి దించాక అక్క చెప్పేసింది. "నన్ను బస్తానాగ మోస్తన్నారే. ఇంక దిగను."

దిగలేదు.

ఒక గది. ఒక కిటికీ. బయట పక్కింటి వాటర్ ట్యాంక్, కొంచెం ఆకాశం.

ఒకసారి వైజాగ్ నుంచి అవకాడో తీసుకెళ్లాను. "సబ్బు తిన్నట్టున్నాదే" అని పండు నాకే ఇచ్చేసి, గింజ ఉంచుకుంది. యూట్యూబ్‌లో చూసి, దానికి మూడు టూత్‌పిక్‌లు గుచ్చి, గ్లాసు నీళ్లలో సగం మునిగేలా కిటికీలో పెట్టించింది.

రెండు నెలలు ఏమీ లేదు. బావ పారేద్దామన్నాడు. ఒప్పుకోలేదు.

ఒకరోజు వీడియో కాల్.

"ఒసే, సూడే! దీనికి కాలొచ్చిందే!"

గింజ పగిలి తెల్లటి వేరు. ఇద్దరం నవ్వాం.

పెయింట్ బకెట్‌లోకి మార్చింది. మొక్క వెలుతురు కోసం కిటికీ వైపే వంగిపోయేది. వారానికోసారి బావ చేత బకెట్ తిప్పించేది. మూడేళ్లకి మనిషెత్తు అయింది.

కొస తుంచేద్దామా అన్నాను.

"వద్దే. దేవరాపల్లి తీసుకుపోయి మీ పొలంలో పాతు. ఈ గదిలోంచి ఒక్కటైనా బయటపడాల."

జాగ్రత్త కూడా చెప్పింది. "నీడలో పెరిగింది. పది రోజులు పశువుల పాకలో ఉంచి, మెల్లమెల్లగా ఎండ అలవాటు సెయ్యి."

నాకు ఆదివారం ఒక్కటే సెలవు. నేరుగా ఎండలో పాతేసి వైజాగ్ బస్సెక్కేశాను.

నాలుగు రోజులకి ఆకులన్నీ మాడిపోయాయని నాన్న చెప్పారు. చివరికి పుల్ల మిగిలింది.

అక్కకి చెప్పలేకపోయాను.

"ఎంతయ్యిందే?" అని ప్రతి ఫోన్‌లో అడిగేది. ఇంకో జానెడు పెరిగిందక్కా అనేదాన్ని. నేను చెప్పిన ప్రతి ఎత్తుకీ బావ చేత గోడ మీద పెన్సిల్ గీత గీయించేది.

వెళ్లినప్పుడల్లా ఒక కొత్త గీత. ఆ అబద్ధంలోంచి ఎలా బయటపడాలో తెలియక ఇంకో జానెడు చెప్పి వచ్చేదాన్ని.

గీతలు స్లాబ్ దగ్గరకి వచ్చేశాయి.

పోయిన నెల మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఏడ్చాను.

అక్క చాలాసేపు గోడ వైపే చూసింది.

"ఎండలో ఎన్నాళ్లున్నాది?"

"నాలుగు రోజులక్కా."

"నాలుగు రోజులు బయటున్నాది కదే."

అది ఓదార్పో, దెప్పిపొడుపో నాకు ఇప్పటికీ తెలియదు.

వారం కింద జ్వరం వచ్చింది. హాస్పిటల్‌కి దిగుదామని బావ ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు.

నిన్న మధ్యాహ్నం దించారు. మెట్ల మలుపులో బావ ముందు నడుస్తూ "మెల్లగా బాబూ, మెల్లగా" అంటూనే ఉన్నాడు.

వెళ్లిరా లలితక్కా.

నువ్వు నన్ను క్షమించావని అనుకునే ధైర్యం నాకింకా రాలేదు. నువ్వు మాత్రం ఇక ఏ నొప్పీ లేకుండా, నెమ్మదిగా ఉండాలి.