అత్తమ్మ పళ్ల సెట్టు

నేను పళ్లు చేస్తాను. దేవుడు ఇచ్చినవి పోయాక జనం వచ్చేది మా దగ్గరికే కాబట్టి ఈ వృత్తిలో కొంచెం గర్వం తప్పదు. హనుమకొండలో ఒక ల్యాబ్‌లో పని. పళ్ల డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు, మేం సెట్లు చేసి తిరిగి పంపిస్తాం. గోడ మీద మా ఓనర్ రాయించిన బోర్డు ఉంటుంది: "సహజమైన నవ్వు, స్పష్టమైన మాట." అందులో రెండో ముక్క మా ఇంటి మీదికే వస్తుందని రాయించిన రోజు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

చలికాలంలో ఒక మధ్యాహ్నం మా మేనత్త ఫోన్ చేసింది.

"అల్లుడా, నోట్లె పండ్లన్ని పీకిపియ్యాలంటే ఒక్క దినంల అయితదా?"

"నొస్తున్నయా అత్తమ్మా?"

"నొస్తలేవు. మంచిగనే ఉన్నయ్."

"మరి వాటి మీద నీకేం పగ?"

"నాకెందుకురా పగ. ఊరోళ్లకున్నది."

వర్ధన్నపేట దాటి లోపలికి వెళ్తే ఆమె ఊరు, పుట్టిందీ మెట్టిందీ అక్కడే. మామయ్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. మిర్చికీ పత్తికీ కూలికి పోయి బతుకుతుంది. ఆమెకు ఒక అలవాటు ఉంది. పెదవులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. తన మోకాళ్లను తిడుతూ ఉంటుంది. కుడి మోకాలిని కొంచెం ఎక్కువ.

ఆమె పక్కింట్లో ఇంటర్ చదివే అమ్మాయి జ్వరంతో మంచం పట్టింది. దవాఖానలో టైఫాయిడ్ అన్నారు. మందులు సగంలో ఆపేసి, అమ్మాయి తండ్రి నిమ్మకాయ కోసి జాడ చెప్పే ఒకాయన దగ్గరికి వెళ్లాడు. "మీ ఇంటి పక్కన ఎప్పుడూ నోరు ఆడించే ఆడమనిషి ఉన్నది" అన్నాడట ఆ పెద్దమనిషి. నోరు ఆడించని మనిషి ఏ ఊళ్లో ఉందో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మొదట పక్కింటివాళ్లు మాట మానేశారు, తర్వాత వాడంతా. మిర్చి ఏరే ఆడవాళ్ల గుంపు ఆమెను పిలవకుండానే ఆటో ఎక్కి వెళ్లిపోయింది. మూడు రోజులు ఆమె సద్ది కట్టుకుని గుమ్మంలో నిలబడి, మూడు రోజులూ ఆ సద్ది ఇంట్లోనే కూర్చుని తిన్నది. నాలుగో రోజు తలుపు మీద రాయి పడింది.

మధ్యలో ఈ పళ్ల గొడవేమిటో నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది.

నా చిన్నప్పుడు సెలవులకు ఆ ఊరు వెళ్తే, వీధి చివర ఒక తాత ఉండేవాడు. నోట్లో ఒక్క పన్ను లేదు. దొంగతనంగా బెల్లం తినేవాడనీ, అందుకే ఊడిపోయాయనీ నాకు చెప్పారు. ఆ భయంతో నేను చాలా కాలం బెల్లం ముట్టలేదు. అసలు సంగతి వేరే. ఆయన మంత్రాలు చేస్తున్నాడని ఊరు నమ్మింది. పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదు, పలకకపోతే పారదు. కాబట్టి పట్టపగలు, అందరి ముందు, రాయి పెట్టి రాలగొట్టారు.

"నేను అప్పుడు లంగా ఏసుకునే పిల్లను. గోడెక్కి సూసిన," అన్నది అత్తమ్మ. "కాళ్లు పట్టుకున్నోళ్లల్ల మీ తాత గూడ ఉండె."

నాకు ఏదో ఒక జోకు వేయడం అలవాటు. ఆ పూట ఏదీ రాలేదు.

"గని ఆ ముసలాయనను మల్ల ఎవ్వలు ఏమనలేదురా. సచ్చేదాక మంచిగ బతికిండు. దవాఖానల అయితే జర మత్తు గూడ ఇస్తరు గద."

అంటే ఊరు వచ్చి చేసేలోపు తానే చేయించుకుంటానంటోంది. అదీ లెక్క.

ముందు పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాను. ఎస్సై మంచివాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు.

"కొట్టిండ్రా అమ్మా?"

"లేదు సారూ."

"తిట్టిండ్రా? సంపుతమన్నరా?"

"అనలే. రాయి ఏసిండ్రు."

"ఎవలు ఏసిండ్రు?"

"నేను లోపలుంటి. రాయి సప్పుడే తెలుసు."

ఎస్సై పెన్ను మూసి పెట్టాడు. "మల్ల ఇప్పుడు ఏం జేస్తాండ్రు?"

"మాట్లాడ్తలేరు."

"మాట్లాడకుంటే ఏ సెక్షన్ పెట్టాలె తల్లీ?" నిజంగానే అడిగాడు, నా వైపు తిరిగి. "కొన్ని రాష్ట్రాలల్ల మంత్రగత్తె అనుడే నేరం తమ్మి. మన తాన దీనికని సపరేటు చట్టం లేదు. బెదిరిస్తే, కొడితే చెప్పుండ్రి, నేనే వస్త." కాగితం మీద నంబర్ రాసిచ్చాడు.

అత్తమ్మ దాన్ని కొంగున ముడేసుకుంటూ అడిగింది. "కొట్టకముందు జెయ్యాల్నా సారూ ఫోను, కొట్టినంకనా?"

ఆయన వారం తిరక్కుండా ఊరికి కళాబృందాన్ని పంపించాడు. వాళ్లు డప్పు కొట్టి, మూఢనమ్మకాల మీద పాటలు పాడి, నిమ్మకాయలోంచి రక్తం తెప్పించి, అది ఎలా వచ్చిందో విప్పి చూపించారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పక్కింటాయన. ఇంటికి వెళ్తూ, అత్తమ్మ గుమ్మం వచ్చేసరికి వీధికి అటువైపు జరిగి నడిచాడు.

మాకు తెలిసిన పళ్ల డాక్టర్ ఆమె నోరు చూసి, కొన్ని కదులుతున్నాయి, మిగతావి బాగు చేయొచ్చు అన్నాడు. మంచి పళ్లు పీకనన్నాడు.

"అవి ఉంటే నన్ను ఉండనియ్యరు సారూ," అన్నది అత్తమ్మ.

డాక్టర్ నా వైపు చూశాడు. వద్దని నేను చెప్పాలి. వద్దంటే ఆమెను ఎక్కడ పెట్టుకోవాలో కూడా చెప్పాలి. నేనేమో ఇంకో ఇద్దరితో కలిసి ఒక్క గదిలో ఉంటాను. ఆమె ఆ ఊరు వదిలి రానంటుంది. గోడ మీది పోస్టర్‌లో రోజుకు రెండుసార్లు పళ్లు తోముకోమని రాసి ఉంటే, దాన్ని రెండుసార్లు చదివాను. ఆయన కేస్ షీట్‌లో "పేషెంట్ కోరిక మేరకు" అని రాసుకుని, మూడు విడతల్లో అన్నీ తీసేశాడు.

ఊరికి వెళ్లిన రోజు ఆమె వాడంతా తిరిగి నవ్వుతూ నోరు చూపించింది. ఇంటింటికీ పెళ్లి పిలుపులు పంచినట్టు. వారంలో మిర్చి ఏరే ఆటో ఆమె గుమ్మం ముందు ఆగింది. పక్కింటాయనే నాకు ఫోన్ చేసి, "ఇగ ఫికర్ లేదు తమ్మి, అక్కకు నేనున్న," అన్నాడు. ఈ మధ్యలో వాళ్లమ్మాయికి మళ్లీ మందులు మొదలుపెట్టారు, జ్వరం తగ్గింది. ఆ పేరు మాత్రం మా అత్తమ్మ చిగుళ్లకే వచ్చింది.

కానీ ఆమె తిండి పోయింది. గంజి, చారు నీళ్లు. ఎండాకాలం వచ్చేసరికి జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు. పళ్లు చేసేవాడి మేనత్త ఇలా ఉండటం నాకు నామోషీ అనిపించింది. చిగుళ్లు మానాయి కాబట్టి అచ్చు తీసి, ఆమె పాత పళ్ల రంగు గుర్తు తెచ్చుకుని, పదిహేను రోజులు కూర్చుని సెట్టు చేశాను. నా జీవితంలో అంత బాగా ఇంకోటి చేయలేదు.

"తలుపేసుకుని తినేటప్పుడే పెట్టుకుంట," అన్నది. పెట్టుకుని, కరకరలాడే అప్పం ఒకటి కొరికి, శబ్దం విని తనే భయపడి, తర్వాత నవ్వింది. నేను ఫోటో తీశాను.

ఇక్కడ ఇంకెవరినీ అనడానికి లేదు. ఆ ఫోటోను వాట్సాప్ స్టేటస్ పెట్టింది నేనే. కింద "మా అత్తమ్మకు మళ్లా పండ్లొచ్చినయ్, ఇగ చూస్కోండ్రి" అని రాసింది కూడా నేనే. జోకు. పక్కింటాయన నంబర్ నా ఫోన్‌లో ఉన్న సంగతి గుర్తు రాలేదు. స్టేటస్ ఇరవై నాలుగు గంటల్లో దానంతట అదే పోయింది. ఊరికి అంతసేపు అక్కర్లేదు.

నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి పక్కింటాయన, ఇద్దరు పెద్దమనుషులు అత్తమ్మ గడప ముందు మంచం మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ గొంతు పెంచలేదు.

"అవి ప్లాస్టిక్ పండ్లు బాపూ," అన్నాను. "ల్యాబ్ల నేనే చేసిన."

"ఎరుకే తమ్మి. మేం గంత పిచ్చోళ్లమా?" అన్నాడు పక్కింటాయన. "అవి పెట్టుకుంటే మాట మంచిగ వస్తదా, రాదా?"

ఎనిమిదేళ్లుగా నేను ఆ బోర్డు కిందే కూర్చుని పని చేస్తున్నాను. రాదని ఎలా చెప్పను?

అత్తమ్మ లోపలికి వెళ్లి స్టీలు డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నీ తాన్నే ఉండనీ తమ్మి," అన్నది. నేను ఎస్సైకి ఫోన్ చేశాను. "గుంజుకున్నరా?" అని అడిగాడు. లేదు సార్, ఆమే ఇచ్చింది అన్నాను. అట్లయితే కేసు కాదన్నాడు. తర్వాత, మనసు మారితే అమ్మను తీసుకుని రా అన్నాడు.

మొన్న దసరాకు వెళ్లాను. మటన్ ఉడికే వేళకు పక్కింటాయన ఆ డబ్బా పట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు.

"పండుగ గద, అక్క రెండు ముక్కలు తినాలె. మల్ల పొద్దుమీకి వచ్చి తీస్కపోత."

మూత తీయగానే నాకు తెలిసిపోయింది. పై పళ్ల వరస మెలి తిరిగి ఉంది.

"ఈమెతోని మసిలే నీళ్లల్ల కడిగిపిచ్చిన," అన్నాడు ఆయన, భార్యను చూపిస్తూ. "జర సాఫ్ ఉండాలె గద."

అత్తమ్మ పెట్టుకుని చూసింది. కుదరలేదు. తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టింది. చివరికి డబ్బాలో వేసి మూత పెట్టి, పల్లెంలో చారు పోసుకుని అన్నం మెత్తగా పిసకడం మొదలుపెట్టింది. తెల్లారి నుంచి పత్తి ఏరడానికి పిలిచారట. ఆ సంగతి చెప్తూ ఏదో గొణిగింది, సగం అర్థం కాలేదు. కుడి మోకాలి గురించే అయ్యుంటుంది.

పక్కింటాయన డబ్బా తీసుకుని లేచాడు. గుమ్మం దాకా వెంట వెళ్లాను. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

"వేడినీళ్లు వద్దు బాపూ," అన్నాను. "చల్లనీళ్లల్ల వేసి పెట్టుండ్రి. రోజూ నీళ్లు మార్చాలె."

"అట్లనే తమ్మి," అన్నాడు, శ్రద్ధగా విని.