గిరావీన్‌లో బాపు మాట

సిడ్నీ శివారు ఎడ్మండ్‌సన్ పార్క్‌లో మా ఇంటి దగ్గరి హార్డ్‌వేర్ షాపు ముందు శనివారం పొద్దున సాసేజ్‌లు అమ్మేవాళ్ళు ఉల్లిపాయలు వేయిస్తారు. ఇనుప పెనం మీద అవి చెమ్మ వదిలి, అంచులు మాడి, ఆ తియ్యటి పొగ కార్లు ఆపే చోటు దాకా వచ్చేసరికి నేనేం కొనడానికి వచ్చానో మరిచిపోతాను. ఎనిమిదేళ్ళ పిల్లనై, నేను పెరిగిన గిరావీన్‌లో ఉంటాను. ఎదురుగా మా బాపు పొడుగాటి పట్టకారు పట్టుకుని నిలబడి ఉంటాడు.

బాపుది జగిత్యాల దగ్గరి పల్లె. వంతెనలు కట్టే కంపెనీలో ఇంజనీరు. సిడ్నీకి వచ్చిన కొత్తలో ఇక్కడివాళ్ళ ఇంగ్లీషు ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదట. అందుకని పని దగ్గర విన్న ప్రతి వింత మాటనీ చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో తెలుగులో రాసుకొచ్చి, రాత్రి అన్నాల దగ్గర అమ్మకీ నాకూ చదివి వినిపించేవాడు. మధ్యాహ్నం దాటితే ఆర్వో, పెట్రోలు బంకు సర్వో, పొద్దుటి టిఫిను బ్రెకీ. "యే, నా" అంటే చివరికి కాదనే అర్థమని పక్కింటి కెవిన్‌ని అడిగి మరీ తేల్చుకున్నాడు. అన్నిటికంటే ఆయనకి నచ్చింది "షీల్ బి రైట్". "గిది మనదే బిడ్డా. ఏం గాదు తియ్ అంటం జూడు, గదే," అని మురిసిపోయేవాడు.

డిసెంబర్ వస్తే ఇక్కడ ఎండాకాలం, చెట్ల మీద సికాడా పురుగులు చెవులు చిల్లులు పడేలా అరిచేవి. మేం చెత్త డబ్బానే వికెట్లుగా పెట్టుకుని వీధిలో క్రికెట్ ఆడేవాళ్ళం. ఎవరో ఒకరు "కార్!" అని కేక పెడితే డబ్బాతో సహా గడ్డి మీదికి పరుగు, కారు పోగానే మళ్ళీ ఆట. లోపల అమ్మ నువ్వులూ పల్లీలూ వెల్లుల్లీ దండిగా వేసి సర్వపిండి కాలుస్తుంటే ఆ వాసనకి కెవిన్ కంచె దగ్గరికి వచ్చి, "ఏదైనా మిగిలిందా, మేట్?" అని అడిగేవాడు. వేడివేడిది ఒకటి చేతికందేదాకా కదిలేవాడు కాదు. ఎండ వాలుతుంటే బాపు గుమ్మంలోకి వచ్చి, "అత్తన్నవా లేదా బిడ్డా? ఆర్వో గూడ అయిపోవట్టె," అని పిలిచేవాడు. ఆ పిలుపులో సిడ్నీ ఎంతో, జగిత్యాల ఎంతో నాకప్పుడు తెలియదు. మా ఇంట్లో అదంతా ఒకటే భాష.

మా ఇంటి మాట వేరని నాకు తెలిసింది శనివారం తెలుగు క్లాసులో. అక్కడ అందరూ నాన్న అనేవారు, నేనొక్కదాన్నే బాపు అనేదాన్ని. నేనిప్పుడు రాస్తున్న ఈ తెలుగు ఆ క్లాసు పెట్టిన భిక్షే.

క్లాసు అయ్యాక ఒకరోజు అందరం కలిసి పార్కులో మాంసం కాల్చుకుని తినే బార్బీ పెట్టుకున్నాం. బాపు చికెన్ ముక్కలు తిప్పుతూ, పక్క బల్ల దగ్గరున్న తెల్లాయన మంట సరిగ్గా రావడం లేదంటే సాయం చేసి, "నో వర్రీస్, మేట్" అన్నాడు. అచ్చం ఇక్కడ పుట్టినవాడిలా అన్నారే అని మనవాళ్ళంతా మెచ్చుకున్నారు. అంతలో విజయవాడ సుజాత ఆంటీ పళ్ళెం చాపింది.

"జర ఆగుండ్రి అక్కా, కోడి ఇంక కాలలే," అన్నాడు బాపు.

ఆంటీ పడీపడీ నవ్వింది. "అన్నయ్యగారూ, ఇంకొక్కసారి అనండి. అచ్చం సినిమాలో కామెడీలా ఉంది."

ఆమెలో చెడు ఏమీ లేదు. బాపు కూడా నవ్వి, మరింత గట్టిగా మళ్ళీ అన్నాడు. అంకుల్స్ నవ్వారు. ఉయ్యాలల దగ్గర పిల్లలంతా "జర ఆగుండ్రి, జర ఆగుండ్రి" అంటూ నా చుట్టూ తిరిగారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వాళ్ళ మీద రావాల్సిన కోపం బాపు మీదికి వచ్చింది.

కార్లో వెనక సీట్లోంచి అన్నాను: "డాడ్, కెన్ యూ ప్లీజ్ టాక్ లైక్ ద అదర్ అంకుల్స్?"

అమ్మ గిర్రున వెనక్కి తిరిగింది. "ఏందే ఆ మాటలు?" అంది. ఇంటికి చేరాక బాపు తలుపు తీసిపట్టుకుని, "రా అమ్మా, లోపలికి రా," అన్నాడు.

ఆ రోజు నుంచి నన్ను మళ్ళీ బిడ్డా అనలేదు. ఇంగ్లీషుని పట్టినంత పట్టుదలగా ఆ అంకుల్స్ తెలుగునీ పట్టాడు. గడ్డం గీసుకుంటూ అద్దం ముందు "వస్తున్నాను, వస్తున్నారు" అని సాధన చేయడం నా చెవులతో విన్నాను. నేను నాన్నా అనడం మొదలుపెట్టాను. సిగ్గులేకుండా సంతోషించాను కూడా.

ఆయన సొంత మాట ఇక గరాజ్‌లోకి వెళ్ళిపోయింది. ఆదివారం ఆర్వో జగిత్యాలలోని వాళ్ళక్కకి ఫోన్ చేసి, తలుపు వేసుకుని, గొంతెత్తి మాట్లాడేవాడు, పగలబడి నవ్వేవాడు. నేను పక్కనున్న బట్టలుతికే గదిలో చప్పుడు చేయకుండా నిలబడి వినేదాన్ని. పెద్దదాన్నయ్యే కొద్దీ అక్కడ నిలబడే సేపు పెరిగింది. వెళ్ళి తలుపు తట్టే ధైర్యం మాత్రం రాలేదు.

ఇప్పుడు గిరావీన్‌లో కెవిన్ ఇల్లు లేదు, అది పడగొట్టి రెండిళ్ళు కట్టారు. ఆ వీధిలో క్రికెట్ ఆడే పిల్లలూ లేరు. మా అమ్మాయికి అక్కడి పాత ఇంగ్లీషు మాటలు సగం తెలియవు, తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులోనే. మొన్న చలికాలంలో అత్తమ్మ, బాపు వాళ్ళక్క, పోయింది. ఆదివారాలు ఆయన గరాజ్‌లోకి వెళ్ళడం మానేశాడని అమ్మ చెప్పింది.

పోయిన ఆదివారం గిరావీన్ వెళ్ళాను. పెరట్లో కుర్చీలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. దారంతా నోట్లో నానబెట్టుకున్న మాటని ఎలాగో బయటికి తెచ్చాను.

"బాపూ, మంచిగున్నవా?"

పక్క కుర్చీ మీది పేపరు తీసి నాకు చోటిచ్చాడు.

"బాగున్నానమ్మా," అన్నాడు. "నువ్వెలా ఉన్నావు?"