కుందేళ్ల గోనెపట్టాలు

ఈ ఉదయం పక్కింటివాళ్లు కుందేలు బోను కడుగుతుంటే ఆ ఘాటు మా వంటింట్లోకి కొట్టింది. చేతిలోని కాఫీ తాగలేక సింకులో పారబోశాను. ఎనభైల్లో కుందేళ్లు పెంచిన నేస్తాలూ, ఆ ఉచ్చ కంపు మీ ముక్కుల్లోంచి పోయిందా? నాకైతే పోలేదు.

తెనాలిలో మాకొక తెల్ల కుందేలు ఉండేది. రేపల్లె నుంచి మా ఇంట్లో ఉండటానికి వచ్చిన మేనత్త తన బూడిదరంగు కుందేలునీ తెచ్చుకుంది. రెండింటినీ ఒకే గూట్లో పెట్టగానే కలబడ్డాయి. బొచ్చు ఎగిరింది, బూడిదదాని చెవి చీలింది, విడదీయబోయిన నాన్న మొహం మీద ఉచ్చ చిమ్మింది.

"ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే నీదాన్ని కూర వండించేస్తాను" అన్నారు నాన్న.

"వాసన కలిస్తే అవే కలుస్తాయి అన్నయ్యా" అంది అత్త.

వాటిని వేరువేరు గంపల కింద ఉంచి, ఒకదాని కింద పరిచిన గోనెపట్టా తీసి రోజూ రెండోదాని కింద వేసేది. పెంటికలు అంటుకుని తడిసిన ఆ పట్టాలు మోసే పని నాది. అన్నం ముద్దలో కూడా అదే కంపు తగిలేది.

శనివారం సాయంత్రం అత్త రెండింటినీ స్నానాలగదిలో వదిలింది. అది రెండింటికీ కొత్త చోటే, ఏదీ నాదని పోట్లాడదు. అందరం గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. తెల్లది మెల్లగా వెళ్లి, బూడిదదాని చెవి నుంచి కారుతున్న చీమును నాకసాగింది. నేను దొడ్లోకి పరుగెత్తి కక్కుకున్నాను.

తిరిగొచ్చేసరికి రెండూ ఆనుకుని పడుకున్నాయి. అత్త కళ్లు తుడుచుకుంటోంది. నాన్న గరిక కోసుకొచ్చి రెండింటి ముందూ ఒకే కుప్పగా వేశారు.

నేను మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.