మాస్టారు అడిగిన ఫోను

ఏలూరు బస్టాండులో తాడేపల్లిగూడెం బస్సు కోసం నిలబడి, వస్తున్నానని చెబుదామని మాస్టారింటికి ఫోను చేశాను. ఆయన పోయి నాలుగు రోజులైందని వాళ్ళావిడ చెప్పారు. నేను జపాన్ నుంచి తిరిగొచ్చి మూడు వారాలైంది. ఇన్నాళ్ళూ ఏం వెలగబెట్టాను? రేపు, ఎల్లుండి అనుకుంటూ తిరిగాను. బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నా కూర్చోలేక గూడెం దాకా నిలబడే వెళ్ళాను.

కొల్లేటి చుట్టుపక్కల చెరువుల రొయ్యల్ని జపానుకు పంపే కంపెనీలో మాస్టారు గుమస్తాగా చేశారు. అక్కణ్ణుంచి వచ్చే ఉత్తరాలు చదవడానికి పుస్తకాలు ముందేసుకుని ఆ భాష నేర్చుకున్నారట. ఆ దేశం మాత్రం ఏనాడూ చూడలేదు. రిటైరయ్యాక తన మేడ మీద గదిలో, అక్కడికి చదువుకు వెళ్ళే మాలాంటివాళ్ళకు ఆ భాష పాఠం చెప్పేవారు. మీలో ఆయన దగ్గర చదివినవాళ్ళుంటే గుర్తుండే ఉంటుంది, మాస్టారు కుర్చీలో కూర్చోవడం ఎవరూ చూడలేదు. కండువా ఆ కుర్చీకి వేసి, గోడకూ గోడకూ మధ్య తిరుగుతూ చెప్పేవారు. మాకు మెడలు నొప్పెట్టేవి.

జపాన్ వాళ్ళు మాట చివర "నే" అంటారు, ఇంచుమించు మన "కదండీ" లాగా. ఎదుటి మనిషిని మాటలో కలుపుకోవడానికన్నమాట. అది ఎక్కడెక్కడ వాడాలో రాసిమ్మని పట్టుబట్టాను. ఆయన రాయలేదు.

"మన అండీ నీకెవరు రాసిచ్చారమ్మా? అక్కడ ఎవరి వంటింట్లోనైనా మసులు, అదే వస్తుంది. అది వచ్చిన రోజు ఫోను చెయ్యి, నేను వినాలి," అన్నారు.

అక్కడ నేనున్నది ఒక పెద్దావిడ ఇంట్లో. నాకా, ఓపిక తక్కువ. రెండో నెలలోనే ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మాస్టారికి ఫోను కలిపాను. బట్టీ పట్టిన పది వాక్యాలు, అన్నిటి చివరా "నే". ఆయన మొత్తం విన్నారు. బాగానే ఉందన్నారు, కానీ ఇది నాకు వినిపించడానికి చెప్పింది, ఆవిడతో చెప్పింది కాదమ్మా అన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. మళ్ళీ చెయ్యలేదు.

చలికాలంలో ఒకరోజు ఆవిడా నేనూ అంట్లు తోముతుంటే, నీళ్ళు చల్లగా ఉన్నాయన్నాను. ఆవిడ చేతిలో గిన్నె పక్కనపెట్టి నవ్వింది. చివర "నే" అన్నానట. నాకే తెలియలేదు. అప్పుడే ఫోను చెయ్యాల్సింది. ఎదురుగా కూర్చునే వినిపిద్దాంలే అనుకున్నాను. ఎంత బుద్ధి తక్కువ పని!

గూడెంలో వాళ్ళావిడ వరండాలోనే ఉన్నారు. "ఫోను మోగితే చాలు, నువ్వేనేమోనని లేచేవారమ్మా," అన్నారు. నిష్ఠూరంగా అనలేదు. అన్నా బాగుండేది.

మేడ ఎక్కాను. కండువా కుర్చీకే ఉంది. ఏం చెయ్యాలో తోచక జపాన్‌లో పెద్దావిడకు ఫోను చేసి, మా మాస్టారు పోయారని చెప్పాను. ఆయన ఎలాంటివారో, నేనేం చేశానో చెబుతూ ఏడ్చేశాను. ఆవిడ అటునుంచి "నే" అంటోంది. నేనూ అంటున్నాను. ఎప్పటినుంచి అంటున్నానో నాకు తెలియదు. తెలియగానే స్పీకర్ నొక్కి, ఫోను ఆ కుర్చీలో పెట్టాను.

ఆవిడ మాట్లాడుతూనే ఉంది. నేను గోడకూ గోడకూ మధ్య తిరుగుతూ ఆవిడకు జవాబు చెబుతున్నాను.